గ్రాఫీన్ జల్లెడ సముద్రాన్ని వడకడుతుందా? చిక్కంతా సందులోనే

క్లుప్తంగా: గ్రాఫీన్ ఆక్సైడ్ (ఆక్సిజన్ అంటిన కర్బన రేకు) లాంటి అతి పలుచని రేకులను దొంతరగా పేర్చి చేసిన పొరలు నీటిని వదిలి ఉప్పును ఆపుతాయని పదేళ్లకు పైగా వార్తలు వస్తున్నాయి. అందులో నిజం ఉంది, కానీ సగమే. నీళ్లు తగలగానే రేకుల మధ్య సందు ఉబ్బి, ఉప్పు జారిపోతుంది. ఆ ఉబ్బును ఆపగలిగినా సముద్రపు నీటి శుద్ధికి అయ్యే కరెంటు ఖర్చు అనుకున్నంత తగ్గదు. ఈ పొరలు ముందుగా అక్కరకొచ్చే చోట్లు వేరే ఉన్నాయి: రంగులు, మందుల అవశేషాలు కలిసిన ఫ్యాక్టరీ నీరు, ఉప్పదనం తక్కువున్న బోరు నీరు.

వోడ్కా సీసాతో మొదలు

2012 జనవరిలో బ్రిటన్‌లోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయం నుంచి ఒక వింత ఫలితం వెలువడింది. గ్రాఫీన్ ఆక్సైడ్ రేకులతో చేసిన పలుచని పొర ఒకటి హీలియం వాయువును కూడా పోనివ్వలేదు. హీలియం అంటే ఎంత గట్టిగా ముడివేసినా బుడగలోంచి రాత్రికి రాత్రే జారిపోయే వాయువు. దాన్నే ఆపేసిన పొర, నీటి ఆవిరిని మాత్రం అసలు అడ్డే లేనట్టు వదిలేసింది. మూత లేని గిన్నెలో నీళ్లు ఎంత వేగంగా ఆవిరైపోతాయో, ఈ పొర బిగించిన గిన్నెలోంచీ దాదాపు అంతే వేగంగా పోయాయి. సరదాకి ఒక వోడ్కా సీసాకు అదే పొర బిగించి చూశారు. నీరు బయటికి పోతూ ఆల్కహాల్ లోపలే మిగిలి, రోజులు గడిచేకొద్దీ మందు ఘాటెక్కింది. పొయ్యి లేకుండా, బట్టీ లేకుండా సారా కాచినట్టే.

ఆ బృందంలో 2010లో గ్రాఫీన్ పరిశోధనకు నోబెల్ అందుకున్న ఆండ్రే గీమ్, కేరళ నుంచి వెళ్లిన రాహుల్ నాయర్ ఉన్నారు. నాయర్ బృందమే 2017 ఏప్రిల్‌లో ఇంకో అడుగు వేసి, మామూలు ఉప్పును కూడా ఆపే పొరను చూపించింది. ‘సముద్రాన్ని తాగునీరుగా మార్చే జల్లెడ’ అంటూ ప్రపంచమంతటా శీర్షికలు వచ్చాయి.

ఆ తర్వాత ఏడేళ్లకు, 2024 ఫిబ్రవరిలో, చెన్నై దగ్గర నెమ్మేలిలో రోజుకు 15 కోట్ల లీటర్ల సముద్రపు నీటి శుద్ధి కర్మాగారం మొదలైంది. అది మామూలు ఆర్‌వో కర్మాగారమే, గ్రాఫీన్ ఊసు లేదు. ప్రయోగశాలలో అంత బాగా పనిచేసిన వస్తువు కర్మాగారం గేటు దాకా ఎందుకు రాలేదన్నది చాలామందికి వచ్చే సందేహం. డబ్బున్న కంపెనీలు తొక్కిపెట్టాయనే కథలకు ఇలాంటి చోట కొదవ ఉండదు. కారణం మాత్రం చాలావరకు భౌతిక శాస్త్రంలోనే ఉంది.

ఇప్పుడున్న ఆర్‌వో పొర తక్కువదేమీ కాదు

మాగాయకు కోసిన మామిడి ముక్కలకు ఉప్పు పట్టిస్తే కాసేపటికి ఊట ఊరుతుంది. ముక్క లోపలి నీరు, ఉప్పు ఎక్కువున్న వైపుకు తనంతట తానే నడుస్తుంది. పాఠ్యపుస్తకాల్లో ద్రవాభిసరణ అనేది ఇదే. ఉప్పునీటికీ మంచినీటికీ మధ్య పొర పెడితే మంచినీరే ఉప్పు వైపు వెళ్తుంది. మనకు కావలసింది దీనికి తలకిందులు. ఉప్పునీటి వైపు నుంచి గట్టిగా నొక్కి, నీటిని వెనక్కి తోయాలి. రివర్స్ ఆస్మోసిస్, అంటే ఆర్‌వో, చేసేది ఆ పనే.

ఎంత గట్టిగా నొక్కాలి అన్నది ఉప్పు ఎంత ఉంది అనేదాన్ని బట్టి ఉంటుంది. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. దాని ద్రవాభిసరణ పీడనం సుమారు 27 బార్లు. కారు టైర్లో గాలి రెండు బార్ల పైచిలుకు ఉంటుంది కాబట్టి, దానికి పన్నెండు రెట్లు అనుకోవచ్చు. కర్మాగారాల్లో పంపులు నిజానికి 55 నుంచి 70 బార్ల దాకా నొక్కుతాయి. ఎందుకన్నది తర్వాత వస్తుంది, అసలు కిటుకు అక్కడే ఉంది.

పనికొచ్చే తొలి ఆర్‌వో పొరను 1960 ప్రాంతంలో లాస్ ఏంజెలిస్‌లో సిడ్నీ లోబ్, భారతదేశంలో పుట్టిన శ్రీనివాస సౌరిరాజన్ సెల్యులోజ్ ఎసిటేట్‌తో చేశారు. 1970లలో జాన్ కాడట్ అనే అమెరికన్ పాలిఅమైడ్ పొరను తెచ్చాడు. ఇంట్లో గోడకు తగిలించిన మెషీన్‌లోనైనా, ఊరి వాటర్ ప్లాంట్‌లోనైనా, సముద్రపు ఒడ్డున ఉన్న కర్మాగారంలోనైనా ఇప్పటికీ పనిచేస్తున్నది ఆ వంశమే. అసలు వడకట్టే పొర 100, 200 నానోమీటర్ల మందం మాత్రమే, అంటే వెంట్రుకలో కొన్ని వందల వంతు. అది తనంతట నిలబడలేదు కాబట్టి కింద రంధ్రాలున్న ప్లాస్టిక్, దాని కింద గుడ్డ ఉంటాయి.

ఈ పాలిఅమైడ్‌లో ఒక కొలతతో చేసిన రంధ్రాలంటూ ఉండవు. కొబ్బరి పీచు ఉండలాగా గొలుసులు చిక్కుపడి ఉంటాయి. వాటి మధ్య ఏర్పడే చిన్న చిన్న ఖాళీల్లోంచి నీటి అణువులు దారి చేసుకుంటాయి, ఉప్పు అయాన్లలో (నీటిలో కరిగి విడివడిన, విద్యుదావేశమున్న ఉప్పు కణాల్లో) నూటికి 99కి పైగా ఆగిపోతాయి. లోపాలూ ఉన్నాయి. క్లోరిన్ తగిలితే గొలుసులు తెగిపోతాయి, అందుకే క్లోరిన్ కలిపిన నీటిని పొర దగ్గరికి పంపే ముందు ఆ క్లోరిన్‌ను తీసేయాలి. తీసేస్తే సూక్ష్మజీవులు పెరిగి పాచి పడుతుంది. బోరాన్‌ను సరిగా ఆపలేదు. అయినా యాభై ఏళ్లుగా మెరుగులు దిద్దుకుంటూ వచ్చిన వస్తువు ఇది. కొత్తగా వచ్చేది దీన్ని ఓడించాలి, అదీ ధరలో.

పూతరేకుల దొంతర

గ్రాఫైట్ అంటే పెన్సిల్ ముల్లులో ఉండేదే. అది కర్బన పరమాణువుల రేకులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటుంది, రేకుకూ రేకుకూ మధ్య దూరం 0.34 నానోమీటర్లు. ఒక్క రేకును విడదీస్తే అదే గ్రాఫీన్. 2004లో మాంచెస్టర్‌లోనే దాన్ని విడదీశారు. లోపం లేని గ్రాఫీన్ రేకులోంచి ఏదీ పోదు, నీరు కూడా.

దాన్ని జల్లెడగా మార్చడానికి రెండు దారులు. మొదటిది రేకుకు బొక్కలు పెట్టడం. 2012లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు కంప్యూటర్ లెక్కల్లో ఈ దారి ఎంత వేగంగా నీళ్లిస్తుందో చూపించారు. 2015లో ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో నిజంగానే చేసి, ఉప్పును దాదాపు పూర్తిగా ఆపారు. కాకపోతే వాళ్లు పరీక్షించిన రేకు వెడల్పు కొన్ని మైక్రోమీటర్లు. ఒక నానోమీటరుకు లోపు బొక్కలను, అన్నీ ఒకే కొలతతో, చదరపు మీటర్ల కొద్దీ పొడవడం ఇప్పటికైతే ఊహే.

రెండో దారి తెలివైనది. బొక్కలు పెట్టడం మానేసి, రేకులను దొంతరగా పేర్చి, వాటి మధ్య సందునే దారిగా వాడుకోవడం. దీనికి గ్రాఫీన్ కన్నా గ్రాఫీన్ ఆక్సైడ్ అనువైనది. గ్రాఫైట్‌ను గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, పొటాషియం పర్మాంగనేట్‌లతో నానబెడితే రేకుల మీద అక్కడక్కడ ఆక్సిజన్ గుంపులు అతుక్కుంటాయి. 1958 నాటి హమ్మర్స్ పద్ధతి ఇది. ఆక్సిజన్ అంటుకున్న రేకులు నీటిలో చక్కగా విడివడి కలిసిపోతాయి. ఆ ద్రావణాన్ని వడకట్టే గుడ్డ మీద పోసి నీటిని లాగేస్తే రేకులు బల్లపరుపుగా, ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి. ఆత్రేయపురం పూతరేకులను చూసినవారికి దీని నిర్మాణం వేరే చెప్పక్కర్లేదు. మందం తక్కువ, మడతలు ఎక్కువ.

నీటి అణువు ఈ దొంతరలో నిట్టనిలువునా దిగదు. ఒక రేకు అంచు దగ్గర లోపలికి దూరి, సందులో అడ్డంగా పాకి, ఇంకో అంచు దొరికినప్పుడు ఒక మెట్టు దిగుతుంది. పెంకుటింటి కప్పు మీద పెంకుల కింద చేరిన నీరు దారి వెతుక్కున్నట్టు. లెక్కేస్తే నీరు నడిచే దూరం పొర మందానికి వందల రెట్లు. అయినా అంత వేగం ఎలా? రేకు మీద ఆక్సిజన్ ఉన్న చోట్లు స్తంభాల్లా సందును తెరిచి ఉంచుతాయి. ఆక్సిజన్ లేని చోట్లు నున్నగా ఉండి, నీరు జారిపోవడానికి పట్టాలు వేసినట్టు పనిచేస్తాయి. 2012లో ఇచ్చిన వివరణ ఇదే. దీన్ని అందరూ ఒప్పుకోలేదు. ఆక్సిజన్ గుంపులు నీటిని పట్టి లాగుతాయి కాబట్టి ఆ నున్నదనపు లాభం అంతగా మిగలదనీ, వేగానికి అసలు కారణం రేకుల్లోని చిరుగులూ అంచుల ఖాళీలూ కావచ్చనీ తర్వాత వచ్చిన కంప్యూటర్ లెక్కలు చెప్పాయి.

ఉబ్బు జబ్బు

పూతరేకుల పోలిక ఇంకొంచెం దూరం పనికొస్తుంది. పొడిగా ఉన్నంతసేపే వాటి అందం. తడి తగిలిందా, ఇంతే సంగతులు.

గ్రాఫీన్ ఆక్సైడ్ రేకులు నీటిని ఇష్టపడతాయి కాబట్టే తయారీ సులువైంది. అదే గుణం తర్వాత శత్రువవుతుంది. పొరను నీటిలో ముంచగానే సందులోకి నీరు చేరి, నానబెట్టిన అటుకుల్లా దొంతర ఉబ్బుతుంది. రేకు మందం పోను మిగిలే ఖాళీ సుమారు 0.9 నానోమీటర్లకు చేరుతుంది. 2014లో మాంచెస్టర్ బృందమే దీన్ని కొలిచి, దాదాపు 0.9 నానోమీటర్ల వ్యాసం కన్నా పెద్దవి మాత్రమే ఆగుతాయని తేల్చింది.

ఇప్పుడు ఉప్పు సంగతి. నీటిలో సోడియం అయాన్ ఒంటరిగా తిరగదు. చుట్టూ నీటి అణువుల తొడుగు ఉంటుంది. తొడుగుతో కలిపి దాని వ్యాసం దాదాపు 0.72 నానోమీటర్లు. క్లోరైడ్‌ది 0.66, కాల్షియం 0.82, మెగ్నీషియం 0.86. అంటే సముద్రపు నీటిలో ముఖ్యమైన అయాన్లన్నీ ఆ 0.9 సందులోంచి దర్జాగా వెళ్లిపోతాయి. ఆగేవి రంగులు, చక్కెరల్లాంటి పెద్ద అణువులు మాత్రమే. ఒట్టి నీటి అణువు 0.28 నానోమీటర్లే కాబట్టి, సందును 0.7 కన్నా తగ్గిస్తే నీరు పోతూ ఉప్పు ఆగాలి. చిక్కు మొత్తం ఈ 0.2 నానోమీటర్ల తేడాలో ఉంది. ఆంధ్ర, తెలంగాణల మధ్య నీటి లెక్కల్లో టీఎంసీలు మాట్లాడుకున్నట్టు, ఈ రంగంలో నానోమీటరులో పదో వంతుల గురించి పోట్లాడతారు.

2017లో చేసింది సందును బిగించడమే. తేమను లెక్క ప్రకారం పెంచుతూ తగ్గిస్తూ, రేకుల దూరం 0.98 నుంచి 0.64 నానోమీటర్ల మధ్య కావలసిన చోట ఆపి, మళ్లీ ఉబ్బకుండా చుట్టూ ఎపాక్సీ జిగురు పోసి బిగించారు. రేకు మందం తీసేస్తే మిగిలే ఖాళీ 0.64 నుంచి 0.30 నానోమీటర్లు. ఇంత ఇరుకైతే అయాన్ తన నీటి తొడుగును కొంత విప్పుకుంటే తప్ప దూరలేదు. చుట్టూ అనుచరులు లేనిదే కదలని నాయకుడిని ఒక్కడే పట్టే గుమ్మం ముందు నిలబెట్టినట్టు అన్నమాట. వెళ్లడం అసాధ్యం కాదు, కానీ అనుచరులను వదలడానికి చాలా శక్తి కావాలి, అందుకే ఎక్కువమంది నాయకులు వెనక్కి తిరుగుతారు. నీటి అణువులకు ఆ బెడద తక్కువ. సందు తగ్గేకొద్దీ ఉప్పు వెళ్లే వేగం ఎన్నో రెట్లు పడిపోతే, నీటి వేగం సగానికే తగ్గింది. శాస్త్రపరంగా ఇది అందమైన ఫలితం, సందేహం లేదు.

ఆ పరిశోధనలో ఉప్పును ఆపిన అత్యధిక శాతం 97. వార్తల్లో మెరిసిన అంకె కూడా అదే. దాన్ని సముద్రపు నీటికి అన్వయిస్తే ఏమవుతుంది? లీటరుకు 35,000 మిల్లీగ్రాముల్లో 3 శాతం అంటే 1,050 మిల్లీగ్రాములు మిగులుతాయి. తాగునీటిలో కరిగిన లవణాలు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలన్నది మన దేశపు ప్రమాణం. వేరే నీటి వనరు లేనప్పుడే 2,000 దాకా అనుమతి. అంటే 97 శాతం పొరతో వచ్చే నీరు మళ్లీ ఇంకోసారి వడకట్టాల్సిన ఉప్పునీరే. పైగా ఆ పరీక్ష 60 బార్ల పంపు ఒత్తిడితో చేసింది కాదు. అవతలి వైపు చిక్కటి చక్కెర ద్రావణం పెట్టి, దాని లాగుడుతో నీటిని రప్పించారు. జిగురులో బిగించిన దొంతరలో నీరు నడిచింది కూడా రేకుల వెంట, అంచు నుంచి అంచుకు. అలాంటి ముక్కలను చదరపు మీటర్ల కొద్దీ చేయడం వేరే లెక్క.

ఏళ్ల తరబడి తికమకకు కారణమైన అల్యూమినియం

ఈ ఉబ్బు గొడవలో ఒక చిన్న డిటెక్టివ్ కథ కూడా ఉంది. కొన్ని ప్రయోగశాలల్లో గ్రాఫీన్ ఆక్సైడ్ పొరలు నీటిలో రోజుల తరబడి చెక్కుచెదరకుండా ఉండేవి. మరికొన్ని చోట్ల అదే పద్ధతిలో చేసినవి నీళ్లు తగలగానే విడిపోయేవి. రేకుల మీద ఉండే రుణావేశం ఒకదాన్నొకటి నెట్టుకుంటుంది కాబట్టి విడిపోవడమే సహజం. మరి కొన్ని ఎందుకు నిలిచాయి?

2015లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని ఛేదించారు. దోషి పొర కాదు, వడకట్టడానికి కింద పెట్టిన ఫిల్టరు. చాలామంది అల్యూమినియం ఆక్సైడ్ ఫిల్టర్లు వాడేవారు. గ్రాఫీన్ ఆక్సైడ్ ద్రావణంలో ఉండే ఆమ్లగుణం ఆ ఫిల్టరును కొద్దిగా కరిగించి, మూడు ధనావేశాలున్న అల్యూమినియం అయాన్లను రేకుల మధ్యకు పంపేది. అవి కుట్లు వేసినట్టు రేకులను పట్టి ఉంచేవి. టెఫ్లాన్ ఫిల్టరు మీద చేసిన స్వచ్ఛమైన పొరలు మాత్రం విడిపోయేవి. అంటే ‘గ్రాఫీన్ ఆక్సైడ్ గట్టిదనం’ అని అప్పటిదాకా రాసిన ఎన్నో కొలతలు నిజానికి కల్తీ అయిన పొరల కొలతలు.

ఆ తప్పే ఒక దారి కూడా చూపించింది. అయాన్లతో కుట్టడం, డైఅమైన్ల వంటి రసాయనాలతో రేకులను జోడించడం, ఆక్సిజన్‌లో కొంత తీసేసి ఉబ్బే గుణాన్నే తగ్గించడం ఇప్పుడు ప్రధాన పద్ధతులు. చైనా పరిశోధకులు 2017లో పొటాషియం అయాన్లతో సందును ఒక కొలత దగ్గర ఆపవచ్చని చూపించారు. ప్రతి పద్ధతికీ ఒకే బేరం: ఎంత బిగిస్తే ఉప్పు అంత ఆగుతుంది, నీటి ధార కూడా అంత సన్నబడుతుంది.

ఇతర రేకులు

గ్రాఫీన్ ఒక్కటే కాదు. 2011లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో పుట్టిన మాక్సీన్‌లు టైటానియం, కర్బనం కలిసిన రేకులు. వీటికి కరెంటు ప్రవహించే గుణం ఉండటంతో, విద్యుత్తు పెట్టి అయాన్ల రాకపోకలను మార్చే ప్రయోగాలకు పనికొస్తాయి. కానీ నీటిలో, గాలిలో ఎక్కువ కాలం ఉంటే ఆక్సిజన్ పట్టి పాడైపోతాయి. నీటి పొరకు ఇంతకన్నా ఇబ్బందికరమైన జబ్బు ఇంకోటి ఉండదు. మాలిబ్డినమ్ డైసల్ఫైడ్ రేకులపై ఆక్సిజన్ గుంపులు లేవు, అందుకే అవి గ్రాఫీన్ ఆక్సైడ్ అంతగా ఉబ్బవు, నీటిలో నిలకడగా ఉంటాయి. అయితే వాటిని విడదీసి సమంగా పేర్చడం కష్టం. ఎవరి బలం ఎక్కడుందో బలహీనత కూడా అక్కడే ఉంది.

వేగం పెరిగితే కరెంటు బిల్లు తగ్గుతుందా?

పత్రికా ప్రకటనల్లో ఎక్కువ గందరగోళం ఇక్కడే. ‘పది రెట్లు వేగం, కాబట్టి ఖర్చు కూడా ఎన్నో రెట్లు తక్కువ’ అనే తర్కం వినడానికి బాగుంటుంది. సముద్రపు నీటి విషయంలో అది తప్పు.

ఇందాక వదిలేసిన ప్రశ్నకు ఇప్పుడు వద్దాం. సముద్రపు నీటి ద్రవాభిసరణ పీడనం 27 బార్లైతే పంపులు 55, 70 ఎందుకు నొక్కుతాయి? నూరు లీటర్ల సముద్రపు నీటిలోంచి యాభై లీటర్ల మంచినీరు తీస్తే, మిగిలిన యాభైలో ఉప్పు రెట్టింపు చిక్కనవుతుంది. అంటే లీటరుకు దాదాపు 70 గ్రాములు. దాని ద్రవాభిసరణ పీడనం కూడా రెట్టింపై 55 బార్ల దగ్గరికి చేరుతుంది. గొట్టం చివర ఉన్న ఆ చిక్కటి నీటిలోంచి కూడా నీటిని తోయాలంటే పంపు అంతకన్నా ఎక్కువ నొక్కక తప్పదు. ఇందులో పొర పాత్ర ఏమీ లేదు. పొర ఎంత వేగంగా నీటిని వదిలినా, అసలు పొరే లేనంత తేలిగ్గా వదిలినా, ఆ 55 బార్లు కట్టాల్సిందే. అది ఉప్పు వసూలు చేసే పన్ను.

అంకెల్లో చూస్తే, సగం నీటిని రాబట్టాలంటే వెయ్యి లీటర్ల మంచినీటికి ప్రకృతి అడిగే కనీస శక్తి సుమారు 1.06 యూనిట్ల కరెంటు. 1970లలో ఆర్‌వో దశ ఒక్కదానికే 16 యూనిట్ల దాకా అయ్యేది. మంచి పొరలు, బయటికి పోయే చిక్కటి నీటి ఒత్తిడిని తిరిగి పట్టుకునే యంత్రాలు వచ్చాక అది రెండు యూనిట్ల చుట్టుపక్కలకు దిగింది. నీటిని తోడటం, ముందుగా వడకట్టడం అన్నీ కలిపితే మొత్తం 3 నుంచి 4 యూనిట్లు. దిగాల్సిన మెట్లు చాలావరకు దిగేశాం. కొత్త పొర పొదుపు చేయగలిగింది ఆ మిగిలిన కాస్త ఖాళీలోనే.

ఎంఐటీ పరిశోధకులు 2014లో దీన్ని లెక్కగట్టారు. పొర నీటిని వదిలే గుణం మూడు రెట్లు పెరిగితే, సముద్రపు నీటికి కరెంటు ఆదా 15 శాతం. లేదంటే కరెంటు అంతే ఉంచి, పొరలు బిగించే పీడన గొట్టాలను 44 శాతం తగ్గించుకోవచ్చు. అదే ఉప్పదనం తక్కువున్న బోరు నీటికైతే కరెంటు ఆదా 46 శాతం. ఈ రెండు అంకెల మధ్య తేడాను గుర్తుపెట్టుకోవాలి. బోరు నీటిలో ఉప్పు తక్కువ కాబట్టి ద్రవాభిసరణ పన్నూ తక్కువ. అక్కడ ఖర్చు ఎక్కువగా పొర చూపే అడ్డుకే అవుతుంది, అందువల్ల పొర మారితే బిల్లూ మారుతుంది.

ఆ ఆదా కూడా మొత్తం చేతికి రాదు. నీరు మరీ వేగంగా దూసుకుపోతే, వెనకబడిన ఉప్పు పొర ముందు పేరుకుంటుంది. సినిమా హాలు గేటు దగ్గర ఒక్కసారిగా ఎగబడితే లోపలికెళ్లేవాళ్లకన్నా తొక్కిసలాటే ఎక్కువైనట్టు. పేరుకున్న ఉప్పు అక్కడ పీడనాన్ని ఇంకా పెంచుతుంది, పాచి, సున్నం కూడా అక్కడే పడతాయి. యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన మెనాకెమ్ ఎలిమెలెక్ బృందం 2016లో సూటిగానే రాసింది: నిర్లవణీకరణ (ఉప్పు తీసే) పొరలకు ఇంకా కావలసింది వేగం కాదు, దేన్ని వదలాలో దేన్ని ఆపాలో తెలిసిన ఎంపిక. ఈ రంగంలో వచ్చే శీర్షికలకు ఇదొక మంచి గీటురాయి.

డెబ్భై ఎకరాల పొర

తెలుగుగంగ కాలువ ద్వారా కృష్ణా నీళ్లు తెచ్చుకునే చెన్నై నగరం, అవి చాలక సముద్రం వైపు కూడా తిరిగింది. 2010లో మీంజూరు, 2013లో నెమ్మేలిలోని తొలి కర్మాగారం, ఒక్కోటి రోజుకు 10 కోట్ల లీటర్లు. అంత నీటికి ఎంత పొర కావాలి? సముద్రపు నీటి ఆర్‌వోలో ఒక చదరపు మీటరు పొర గంటకు సుమారు 14 లీటర్లిస్తుంది అనుకుంటే, దాదాపు 3 లక్షల చదరపు మీటర్లు. ఎకరాల్లో చెబితే డెబ్భై పైమాటే. ఆ విస్తీర్ణాన్ని చాప చుట్టినట్టు చుట్టి గొట్టాల్లో పెడతారు. కాబట్టి పొర మడతపడాలి, చుట్టుకోవాలి, 60 బార్ల కింద ఏళ్ల తరబడి నలగకూడదు. డెబ్భై ఎకరాల్లో చిరుగులు పడితే అక్కడి నుంచి ఉప్పు నేరుగా దూసుకొస్తుంది. మిగతా పొర ఎంత గొప్పదైనా అప్పుడు లాభం లేదు.

గ్రాఫీన్ ఆక్సైడ్ పొరలను ఎక్కువ ప్రయోగశాలల్లో రూపాయి బిళ్లంత సైజులో చేసి చూస్తారు. నీటిని లాగి వడకట్టే ఆ పద్ధతికి గంటలు పడుతుంది. 2016లో ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయంలో మైనాక్ మజుందార్ బృందం దీనికి వేరే ఉపాయం కనిపెట్టింది. గ్రాఫీన్ ఆక్సైడ్‌ను చిక్కటి ద్రవంగా చేస్తే రేకులన్నీ ఒకే దిక్కుకు సర్దుకుంటాయి. దాన్ని పత్రికలు అచ్చువేసే గ్రావ్యూర్ పద్ధతిలో గుడ్డ మీద పూశారు. 13 సెంటీమీటర్లకు 14 సెంటీమీటర్ల పొర ఐదు సెకన్లలోపే తయారైంది. ఈ రంగంలో 97 శాతం ఉప్పు వార్త కన్నా ఈ ప్రింటింగ్ వార్తకే ఎక్కువ విలువ ఇవ్వాలి, అది మొదటి పేజీకి ఎక్కకపోయినా.

ముందుగా పనికొచ్చే చోట్లు

ఉబ్బిన గ్రాఫీన్ ఆక్సైడ్ కూడా ఆపగలిగేవి ఉన్నాయని పైన చూశాం. బట్టల రంగులు వాటిలో మొదటివి. రంగు అణువులు ఒక నానోమీటరు కన్నా పెద్దవి. వాటిని ఆపి, ఉప్పును వదిలేయడం అద్దకం పరిశ్రమలో లోపం కాదు, అవసరం. అద్దకానికి కలిపిన ఉప్పునీరు విడిగా దొరికితే మళ్లీ వాడుకోవచ్చు. సముద్రం దగ్గర ఓటమి అయింది, అద్దకం దగ్గర గెలుపవుతుంది.

హైదరాబాద్ చుట్టూ ఉన్న మందుల పరిశ్రమది కూడా ఇదే కోవ. పటాన్‌చెరులో పలు కంపెనీల వ్యర్థ జలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. ఇలాంటి అవశేషాలను సూక్ష్మజీవులతో చేసే మామూలు శుద్ధి పూర్తిగా తొలగించలేదు. అణువు పరిమాణాన్ని బట్టి ఆపే పొరకు ఇక్కడ పని ఉంది. మందుల తయారీలో వాడే ద్రావణులను తిరిగి రాబట్టడం ఇంకో అవసరం. ఇప్పుడు ఎక్కువగా వేడిచేసి, ఆవిరి పట్టి వేరుచేస్తున్నారు, దానికి బోలెడు ఇంధనం కావాలి. 2017లోనే మాంచెస్టర్ బృందం పెద్ద రేకులతో 8 నానోమీటర్ల మందం మాత్రమే ఉన్న పొర చేసి, అందులోంచి విస్కీని పోసింది. ఆల్కహాల్ కిందికి దిగింది, రంగునిచ్చే అణువులు పైన ఆగాయి, విస్కీ నీళ్లలా తెల్లబడింది. 2012లో ఆల్కహాల్‌ను ఆపిన వస్తువే 2017లో దాన్ని వదిలింది. రేకుల సైజు, పేర్చిన తీరు, మందం మారితే జల్లెడ గుణమే మారిపోతుందని ఆ రెండు సీసాలూ కలిపి చెబుతున్నాయి.

ఇక ఫ్లోరైడ్. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో మన దేశంలో తొలిసారి ఫ్లోరోసిస్‌ను గుర్తించారు. నల్గొండ పేరు మీద ఏకంగా ఒక శుద్ధి పద్ధతే ఉంది: పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించడం. తెలంగాణలో మిషన్ భగీరథ కృష్ణా, గోదావరి నీళ్లను ఊళ్లకు చేర్చినా, బోరు నీటి మీద ఆధారపడే చోట్ల వాటర్ ప్లాంట్ క్యానే దిక్కు. ఆ ప్లాంటులోని ఆర్‌వో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ కోసం కాల్షియం, మెగ్నీషియం సహా అన్నింటినీ ఊడ్చేస్తుంది, పోసిన నీటిలో పెద్ద భాగాన్ని కాలువలోకి వదులుతుంది. ఎలుక కోసం ఇల్లు తగలబెట్టుకున్నట్టు.

ఫ్లోరైడ్‌ను మాత్రమే ఎంచి ఆపే పొర సాధ్యమా? అసాధ్యం కాదు. ఫ్లోరైడ్ ఒంటరిగా చూస్తే క్లోరైడ్ కన్నా చిన్నది, కానీ తన నీటి తొడుగును చాలా గట్టిగా పట్టుకుంటుంది. ఆ తొడుగుతో కలిపి క్లోరైడ్ కన్నా కాస్త పెద్దది, 0.70 నానోమీటర్లు. తొడుగు విప్పించే ఇరుకు సందులో క్లోరైడ్ కన్నా ఫ్లోరైడ్‌కే ఎక్కువ కష్టం. ఆ 0.04 నానోమీటర్ల తేడాను ఏళ్ల తరబడి నిలబెట్టగల సందు కావాలి, ప్లాంటులో పెట్టగల ధరలో కావాలి. ఇప్పటికి ఆ రెండూ లేవు. బోరు నీటికి అయ్యే కరెంటులో ఆదా అవకాశం ఎక్కువని చెప్పే 46 శాతం లెక్కను దీనికి కలిపి చూస్తే, తెలుగు జిల్లాలకు ఈ సాంకేతికతతో అసలు సంబంధం విశాఖ బీచ్ దగ్గర కన్నా నల్గొండ, ప్రకాశం బోర్ల దగ్గరే ఎక్కువ.

కొత్త రేకులు పాత పొరను పూర్తిగా తోసేయాలనేం లేదు, దానికి తోడుగానూ వెళ్లవచ్చు. పాలిఅమైడ్ పొర మీద గ్రాఫీన్ ఆక్సైడ్‌ను పలుచగా పూస్తే క్లోరిన్ దెబ్బ, పాచి రెండూ తగ్గుతాయని 2013లోనే ఒక పరిశోధన చూపింది. రేకులు ఊడి తాగేనీటిలో కలిస్తే ఏమిటన్న ప్రశ్న మాత్రం ఏ రూపంలో వాడినా ఉంటుంది. నీటి ప్రమాణాలు చూసే సంస్థలు ముందుగా అడిగేది అదే.

మోనాష్‌లో పుట్టిన ఆ అచ్చు పద్ధతిని నెమాటిక్ అనే ఆస్ట్రేలియా సంస్థ చేపట్టి, గ్రాఫీన్ ఆక్సైడ్ పొరలను చుట్టలుగా తయారుచేస్తోంది. అవి నానోఫిల్ట్రేషన్ పొరలు. నదులు, జలాశయాల నీటిలో కలిసే సేంద్రియ మలినాల్లాంటి పెద్ద అణువులను ఆపడానికి చేసినవి, సముద్రపు ఉప్పు కోసం చేసినవి కావు.